దారిచ్చిన మోకాళ్ళు

చర్చిలో పిల్లలకు సత్యోపదేశం చెప్పే టీచరమ్మ రోజూ పొద్దున్నే, పూజ గంట కొట్టకముందే, పీఠం మీది గుడ్డకు అంటిన కొవ్వొత్తి మైనాన్ని బొటనవేలి గోటితో గీకేది. పిల్లలకు శ్రీసభ కట్టడలు, అంటే చర్చి పెట్టిన నియమాలు, ఒప్పజెప్పించేటప్పుడూ అంతే, ఒక్క మరక ఉండనిచ్చేది కాదు. వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ, మొగుడు వదిలేస్తే మారుమనువు చేసుకుని ఫాదర్ ఇచ్చే సత్ప్రసాదపు అప్పం కోసం వరసలో నిలబడిన రోజున, మోచెయ్యి పట్టుకుని ఆపింది ఈమే. "మొదటి మొగుడుండగా మారుమనువు చేసుకున్నావు, నీకు లేదమ్మా, వెళ్ళి కూర్చో." ఆవిడ వెనక బెంచీకి వెళ్ళింది. అప్పటినుంచీ అక్కడే. టీచరమ్మ జ్వరంతో మంచం పట్టినప్పుడు పీఠం గుడ్డలు ఉతికి, ఇస్త్రీ చేసి తెచ్చింది కూడా ఆవిడే.

నిరుడు టీచరమ్మ కూతురు విడాకులు తీసుకుని మళ్ళీ పెళ్ళి చేసుకుంది. కొత్త అల్లుడు మంచివాడు, అత్తగారి కళ్ళద్దాలు తుడిచి మరీ చేతికిస్తాడు. మొన్న ఆదివారం పూజలో, పక్కనే కూర్చున్న కూతురు సత్ప్రసాదానికి లేచింది. టీచరమ్మ ఆమె మోచెయ్యి పట్టుకోలేదు. మోకాళ్ళు పక్కకి తిప్పి దారిచ్చింది. ఇచ్చాకగానీ వెనక బెంచీలోని ఆవిడ గుర్తు రాలేదు. ఇక తను సత్ప్రసాదానికి లేవలేక అలాగే కూర్చుండిపోయింది.

పూజయ్యాక మెట్ల దగ్గర కుట్టుపనావిడ నవ్వుతూనే అడిగింది. "ఏం టీచరమ్మా, రూలు మారిందా?"

"రూలు మారలేదు. ఈసారి కూతురు నాదైంది." తల దించుకుని చెంగు వేలికి చుట్టుకుంది టీచరమ్మ. "వచ్చే ఆదివారం నాతో వరసలోకి రావా అక్కా? ఒక్కదాన్నే వెళ్ళడానికి మొహం చెల్లడం లేదు."