ఉప్పు జాడీలోని కేసెట్టు

ఆ కేసెట్టు ఉప్పు జాడీలోంచి వచ్చింది. మా బావ దాన్ని తెచ్చి నా బల్ల మీద పెట్టినప్పుడు పాలిథిన్ కవరు లోపల తడి చుక్కలు కనబడ్డాయి. కవరు మూతి దగ్గర కళ్లుప్పు పెచ్చు కట్టింది. గోటితో గీకితే రాలలేదు.

బావ మా మేనత్త పెద్దకొడుకు. నౌపడ ఉప్పు మడుల్లో పని. ఎండు చేప, చింతపండు, ఏదైనా నిలవ ఉండాలంటే ఉప్పులో పెట్టే ఇల్లు వాళ్లది. అలాగే దీన్నీ పెట్టాడు. సముద్రపు గాలికి కేసెట్లు బూజు పడతాయని ఎవరో చెబితే ఆలోచించి, చుట్టూ ఉప్పు పోసి, పైన గుడ్డ కట్టాడు.

"నీరేదైనా వొత్తే ఉప్పు తాగుతాది, కేసెట్టు తాగదు కదేటి బావా?" అన్నాడు.

ఆ లెక్కలో సగం నిజమే. ఉప్పు నీరు తాగుతుంది. తాగి, వానాకాలంలో ఆ నీటిని పక్కనున్న వాటికి పంచుతుంది కూడా. ఏటా వానల్లో మడి గట్టున ఉప్పు కారిపోవడం చూసే మనిషికి ఆ మాట చెప్పాల్సిన అవసరం లేదు. అతనే కవరు వంక చూసి తలదించుకున్నాడు.

ఆ కేసెట్టు అతని తమ్ముడిది. చిన్నవాడు సరుకు ఓడల మీద పనికి వెళ్లేవాడు. ఒకసారి ఏదో విదేశీ రేవులో అరచేతిలో ఇమిడే వీడియో కెమెరా కొని తెచ్చాడు. సెలవు అయ్యేలోగా ఒకే ఒక్క కేసెట్టు తీశాడు. ఆ తర్వాతి ప్రయాణంలో ఓడ మీదనుంచి పడిపోయాడని కబురు వచ్చింది. మనిషి దొరకలేదు. ఆ కెమెరా కొన్నాళ్లకే గాలి ఉప్పుకి బిగుసుకుపోయింది.

మా అత్తకి ఇప్పుడు రెండు కిడ్నీలూ పనిచెయ్యడం లేదు. మా వైపు అది వింత కాదు. ఎవరింటికి వెళ్లినా ముందు అడిగేది ఆ సంగతే. టెక్కలిలో డయాలసిస్ చేయించుకుంటోంది. కళ్లు దాదాపు కనబడవు. "బొమ్మ నాకెందుకు నాయినా, ఆడి గొంతు ఒక్కసారి ఇనిపించు. మళ్లీ వానల్దాకా ఉంటానో నేదో" అని కబురు పెట్టింది. అందుకే కేసెట్టు జాడీలోంచి బయటికి వచ్చింది.

నేను పలాసలో జీడిపప్పు కార్ఖానాలో తూకాలూ రకాలూ చూస్తాను. పప్పు రకమంటేనే అంకె. తూకానికి ఎన్ని నిండు పప్పులు తూగుతాయో దాన్నిబట్టి పేరు. ఆ అలవాటుతోనే వీడియో సంగతీ నేర్చుకున్నాను. ఒకప్పుడు కవిటి కొబ్బరితోటల్లో పెళ్లిళ్ల వీడియోలు తీసేవాళ్ల దగ్గర భుజాన మోసే పెద్ద కెమెరాలుండేవి. వాటితో వచ్చే పుస్తకాలు అడిగి తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేవాణ్ని. ఈ పాత యంత్రాలు ఇంకా ఆడుతున్నది నా గదిలోనే కాబట్టి జనం కేసెట్లు నాకే తెస్తారు.

మన కరెంటు సెకనుకి యాభైసార్లు ఊగుతుంది. అందుకని మన టీవీ పద్ధతిలో సెకనుకి ఇరవై అయిదు బొమ్మలు, ఒక్కో బొమ్మకి ఆరువందల ఇరవై అయిదు గీతలు. దాన్ని పాల్ అంటారు. అమెరికా, జపాన్లలో టీవీ పుట్టింది అరవైసార్లు ఊగే కరెంటు లెక్క మీద. అక్కడ సుమారు ముప్పై బొమ్మలు, అయిదువందల ఇరవై అయిదు గీతలు. దాని పేరు ఎన్‌టీఎస్‌సీ. ఒక పద్ధతిలో తీసింది రెండో పద్ధతి యంత్రంలో పెడితే బొమ్మ రంగు పోయి, పైకీ కిందికీ దొర్లుతుంది. చిన్నవాడు తెచ్చింది ఆ రెండో రకం. సెలవులో తమ్ముడు సొంత టీవీకి తగిలించినప్పుడు తన మొహం నల్లగా దొర్లిపోయిందని బావ ఇప్పటికీ చెబుతాడు. "నీ మొగమే అంత, కెమెరాదేటి తప్పు" అన్నాడట తమ్ముడు.

ఆ చిక్కు నాకు పెద్దది కాదు. ఆ పద్ధతి కేసెట్లు ఆడించే పాత కెమెరా ఒకటి విశాఖపట్నంలో సెకండ్‌హ్యాండ్‌గా సంపాదించి ఉంచాను. నన్ను భయపెట్టింది వేరే లెక్క.

పెళ్లిళ్ల పెద్ద కేసెట్టులో, అంటే వీహెచ్ఎస్‌లో, మాట టేపు అంచున విడిగా ఒక సన్నటి దారిలో ఉంటుంది. బొమ్మ చెడిపోయినా మాట మిగలొచ్చు. అరచేతి కెమెరాల ఎనిమిది మిల్లీమీటర్ల టేపులో అంచుకి అంత చోటు లేదు. అందుకని మాటనీ బొమ్మనీ కలిపి, ఏటవాలు గీతల్లో ఒకేచోట రాస్తారు. పోతే రెండూ కలిసే పోతాయి. పైగా ఆ టేపు పూత ఇనుప పొడి. ఇనుమూ ఉప్పూ ఒకే జాడీలో అన్నేళ్లున్నాయి.

చిన్నవాడు ఆనాడు బరువైన కెమెరా కొనుంటే వాడి గొంతు బతికేది. తేలికైంది కొన్నాడు. ఎవరైనా అదే కొంటారు.

కేసెట్టు విప్పి, కనబడిన ఉప్పంతా మెత్తటి కుంచెతో దులిపాను. తేమ పీల్చే డబ్బాలో కొన్నాళ్లు ఆరబెట్టాను. టేపు చుట్ట అంచు ఎర్రబారి ఉంది. ముట్టుకున్న వేలికి పొడి అంటింది. బావకి ఫోను చేసి చెప్పాను.

"ఇది ఒక్కసారే ఆడుతుంది బావా. ఆడుతుండగానే పూత రాలిపోతుంది. కంప్యూటరులోకి ఎంత ఎక్కితే అంతే మనది."

"అమ్మని తీసుకొత్తాను. అదే ఒక్కసారైతే, ఆవిడ ఎదరే ఆడాల" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే వచ్చారు. అత్త చెయ్యి వాచి, సూదులు గుచ్చిన చోట నరం తాడులా ఉబ్బి ఉంది. కుర్చీలో కూర్చుని స్పీకరు వైపు చెవి పెట్టింది.

"మీ మావ ఉంటే ఈ పాటికి నాలుగుసార్లు తిట్టుదురు, తొందరగా పెట్టరా ముండాకొడకా అని" అంది. నవ్వాం. నేను మీట నొక్కాను.

తెర నిండా బూడిద రంగు చారలు. ఎక్కడో ఒక గట్టు, ఎవరివో కాళ్లు కనబడి పోయాయి. స్పీకరులోంచి హోరు. ఆ హోరు మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గి, ఆగి, మళ్లీ పెరిగేది.

అత్త కుర్చీ చేతులు పట్టుకుంది. "ఊపిరి" అంది. "ఆడి ఊపిరే. కెమెరా మొగానికి ఆనించి పట్టుకున్నాడు, సూడు."

బావ నా వైపు చూశాడు. నేను కేసెట్టు కిటికీలోంచి లోపలి చక్రాన్ని చూస్తున్నాను. టేపు నిండుగా ఉన్న చక్రానికి ఒక పక్క ఉప్పు తిని గరుకు తేలింది. తిరిగిన ప్రతిసారీ ఆ గరుకు పెట్టెకి రాసుకుంటోంది. రాసుకున్నప్పుడు టేపు బిగిసి హోరు పెరుగుతోంది, వదిలినప్పుడు తగ్గుతోంది. అదీ ఊపిరి.

మధ్యలో ఒక్కచోట తెర తేటపడింది. ఉప్పు కుప్పలు, పార పట్టుకున్న బావ, వెనక ఆకాశం. కెమెరా వెనకనుంచి ఒక గొంతు స్పష్టంగా వచ్చింది.

"ఒరే అన్నా, ఇటు సూడు. పళ్లు కనబడనీకు, ఉప్పనుకుని గోనెలో పోసీగలరు!"

బావ గోడకి ఆనుకుని ఏడ్చేశాడు. అత్త మాత్రం చెయ్యి ఎత్తి, ఉండమన్నట్టు ఆడించింది. మళ్లీ హోరు మొదలయ్యాక చెయ్యి దించింది.

చక్రం ఖాళీ అవుతున్న కొద్దీ జోరుగా తిరుగుతుంది. టేపు నడిచే వేగం మారదు, చుట్ట చిన్నదవుతుంది, అంతే. మొదట నిద్రలో మనిషిలా నిదానంగా ఉన్న హోరు దగ్గర దగ్గరకి వచ్చింది. చివరికి పరుగెత్తి వచ్చిన మనిషిలా అయింది. ఉన్నట్టుండి ఆగిపోయింది. కెమెరా తెరిచి చూస్తే లోపల గోధుమరంగు పొడి. టేపు చాలాచోట్ల ఉత్త ప్లాస్టిక్కు.

అత్తకి అబద్ధం చెప్పకూడదనుకున్నాను. చక్రం సంగతి, గరుకు సంగతి అంతా చెప్పాను. మాట ఒక్కటే వాడిది, తక్కినది యంత్రం చప్పుడన్నాను.

"ఆ మాటలు ఎవులివో నాయినా. డబ్బాలోంచి వొచ్చినట్టున్నాయి" అంది. "ఇదే ఆడిది. యంత్రం సప్పుడు నాకు తెలీదేటి? దాని పక్కనే కదా పడుకుంతన్నాను."

బావ ఫోనులోకి మొత్తం ఎక్కించి ఇచ్చాను.

తర్వాత కొన్ని వారాలకి బావ కార్ఖానాకే వచ్చాడు. లోపలికి రాకుండా గేటు దగ్గర నిలబడ్డాడు.

"డయాలసిస్ మంచం మీద పడుకుని అదే ఇంటంది బావా. ఇంటన్నంతసేపూ దానితోపాటే ఊపిరి తీత్తంది. మొదట్లో బాగానే ఉంటాది. సివరకొచ్చేసరికి..." చెయ్యి గుండె మీద పెట్టుకుని చూపించాడు. "అది ఆగినప్పుడు ఈవిడా ఆగుతంది. మళ్లీ తీసేదాకా నా పేనం నిలవదు. సిస్టరు నన్ను తిడతంది. సెప్తే ఇనదు. నువ్వా సివర కోసీ."

నేను కోసి ఊరుకోలేదు. కోసినా ఏదో ఒకచోట ఆగుతుంది కదా. మొత్తం తిరగేసి, చివరనుంచి మొదటికి ఆడేలా ఇంకో ఫైలు చేసి చూశాను. హోరుకి ముందూ వెనకా లేవు. పరుగు మొదట వచ్చి, నిదానం చివర వస్తుంది. కానీ అలా నిదానించి, నిదానించి ఆగిపోయేది విన్నాక ఆ తిరగేసిన ఫైలు చెరిపేశాను. ఆఖరికి మొదటి నిదానపు ముక్క ఒక్కటే తీసుకున్నాను. దాన్నే అతుకు తెలియకుండా ఒకదాని వెనక ఒకటి పేర్చాను. పెరగదు, తగ్గదు, ఆగదు. చెవులు రిక్కించి విన్నాను. అతుకు నాకే దొరకలేదు.

అది పట్టుకుని బావతో టెక్కలి వెళ్లాను. సిస్టరు మమ్మల్ని కాసేపు లోపలికి రానిచ్చింది. అత్త పక్కన యంత్రం మీద గుండ్రటి పంపు తిరుగుతోంది. గొట్టంలో రక్తం దాని తిరుగుడుకి లేస్తూ పడుతూ ఉంది. బావ ఫోను ఆమె చెవి దగ్గర దిండు మీద పెట్టాడు.

కళ్లు మూసుకుని వింది. ఊపిరి హోరుతో కలిసింది. బావ నా వైపు చూసి తలూపాడు. నాకూ భారం దిగినట్టనిపించింది. అంతలో ఆమె కళ్లు తెరిచి, కనబడని చూపుతో పంపు వైపు తల తిప్పింది. కాసేపు దాన్నీ దీన్నీ మార్చి మార్చి వింది.

"ఇది ఆడు కాదు" అంది. "ఇది నా పక్కనున్నదే. ఇలాగే తిరుగుతాది, ఏటీ మారదు. మా గుంటడేడిరా?"

బావ దిండు మీదనుంచి ఫోను తీసేశాడు.

"ఏటి సేసినారు ఆడిని? పెట్టండి."

"అమ్మా, అది ఇంటే నీకు ఆయాసమొత్తంది..."

"ఆడికి రాలేదేటి ఆయాసం? నీళ్లల్లో ఒక్కడే పడ్డాడు. సివరదాకా ఎవులున్నారు ఆడి పక్కన? నన్నుండనీ."

బావ ఫోను నా చేతికి ఇచ్చాడు. నొక్కడం అతని వల్ల కాలేదు. పాత ఫైలు నేనే పెట్టాను.

నిదానపు హోరు మొదలైంది. అత్త మొహం వదులైంది. ఆ ఫైలు నిడివి నాకు తెలుసు, ఎక్కడ జోరు అందుకుంటుందో తెలుసు. సిస్టరుని పిలిచి ఆక్సిజను దగ్గర పెట్టమన్నాను. బావ తల్లి పాదాలు రెండూ పట్టుకుని నిలబడ్డాడు. మధ్యలో తమ్ముడి మాట వచ్చి పోయింది. తర్వాత ఒక్కో హోరూ ముందటి దానికంటే కొంచెం దగ్గరగా రావడం మొదలైంది. దుప్పటి కింద ఆమె రొమ్ము కూడా దానితోపాటే.