ఎడమచేతి అతుకు

సరాండిస్‌ది ఎడమచేతి వాటం. వెల్డింగు చేసి ఇనుము అతికితే అందరి అతుకూ ఒకవైపు వాలి ఉంటుంది, అతనిది రెండోవైపు వాలి ఉండేది. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సర్దుకుని, చేత్తో తడిమితే ఎక్కడా గీరుకోని అతుకు. పదమూడో ఏట రేవులో పడవలు బాగుచేసే షెడ్డులో పనికి చేరాడు. ముప్పై దాటేసరికి, ఊడిరాని అతుకు కావాలంటే అందరూ సరాండిస్ మేస్త్రీనే పిలిచేవాళ్లు. ఆ పేరంటే అతనికి ప్రాణం. భార్య కల్లిరోయి వేళాకోళం చేసేది: "మన పెళ్లి కూడా నువ్వే అతికినట్టున్నావు. ఎంత లాగినా ఊడటం లేదు."

షెడ్డు మూతపడ్డాక థ్రాసోస్ అనే ఆయన దగ్గర చేరాడు. థ్రాసోస్‌ది హోర్డింగుల వ్యాపారం. కాలిబాటల మీద, మలుపుల దగ్గర, రోడ్డు మధ్య డివైడర్ల మీద, ఎక్కడ నలుగురి కళ్లు పడతాయనుకుంటే అక్కడ ఆయన బోర్డు లేచేది. ఒక్కదానికీ అనుమతి లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నగరపాలక సంస్థకీ తెలుసు, బోర్డుల నీడన బస్సు కోసం నిలబడే జనానికీ తెలుసు. ఆదివారం పొద్దున ఊరంతా చర్చిలో ఉండగా లారీ వచ్చి, సిమెంటు దిమ్మెలు దించి, బోర్డు నిలబెట్టి వెళ్లిపోయేది. ప్రార్థన ముగించుకుని జనం బయటికొచ్చేసరికి ఎదురుగా కొత్త చాక్లెట్టో, కొత్త ఫోనో నవ్వుతూ ఉండేది. వారం తిరిగేసరికి అది మొదటినుంచీ అక్కడే ఉన్నట్టు కనిపించేది.

ఒక మార్చి నెలలో సముద్రపు గాలికి మూడు బోర్డులు ఒరిగిపోయాయి. థ్రాసోస్ మండిపడుతూ వచ్చాడు.

"ఆ బోల్టులు వదిలెయ్ మేస్త్రీ. మూల మూలకీ మందపాటి రేకు పెట్టి, బోర్డు కాలిని దిమ్మెలో ఇనుముకే అతికెయ్. లారీ గుద్దినా కదలకూడదు."

"లారీ గుద్దితే కదలాలి కదండీ," అన్నాడు సరాండిస్. "బోల్టులు సన్నగా పెట్టేది అందుకే. అవి తెగితే కాలు పక్కకి ఒరుగుతుంది, బండిలో మనిషి బతుకుతాడు."

"అంటే నీవల్ల కాదా? కాదంటే చెప్పు, ఇంకోణ్ణి చూసుకుంటా."

"నావల్ల కాకపోవడమేంటి!" అన్నాడు సరాండిస్.

ఆ మాట అలా నోట్లోంచి వచ్చేసింది. తర్వాత ఎన్ని ఏళ్లు తలుచుకున్నా అంతకంటే పెద్ద కారణం అతనికి దొరకలేదు. బెదిరింపుకి లొంగలేదు, ఆశకీ లొంగలేదు. చేతకాదా అన్నారు, చేతనవునని చూపించాడు. విమానాశ్రయం రోడ్డు మలుపులో, డివైడర్ మీద నిలబెట్టిన బోర్డుకి రెండు కాళ్లు. ఒక్కో కాలికి నాలుగు రేకులు. పని అయ్యాక నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ముచ్చటేసింది.

మూడేళ్ల తర్వాత నవంబరులో, ఒక శనివారం పొద్దున సన్నటి వాన పడుతోంది. మిర్సీని అనే ఇరవైమూడేళ్ల అమ్మాయి, నర్సు, ఆసుపత్రిలో డ్యూటీ దిగి చిన్న కారులో ఇంటికి వెళుతోంది. మలుపులో కుక్క అడ్డం వచ్చింది. అమ్మాయి స్టీరింగు తిప్పింది, చక్రాలు జారాయి, కారు డివైడర్ ఎక్కి బోర్డు కాలికి తగిలింది. అంత వేగమేమీ లేదని పోలీసులు తర్వాత రాసుకున్నారు. కారు మాత్రం ఆ కాలు చుట్టూ గుడ్డపీలికలా చుట్టుకుపోయింది. పైన పెరుగు ప్రకటనలో ఒక పసివాడు మూతికి మీగడ పూసుకుని నవ్వుతూనే ఉన్నాడు.

సరాండిస్‌కి ఆ కబురు సోమవారం కాఫీ కొట్టులో తెలిసింది. ఎవరో చెబుతున్నారు.

"నేను చూసొచ్చా. బండి తుక్కయింది, ఆ కాలు ఉందే, సొట్ట కూడా పడలేదురా! ఎవడు అతికాడో గాని, అదీ పనంటే."

"మన మేస్త్రీయే అయ్యుంటాడు," అన్నాడు ఇంకొకడు, సరాండిస్ భుజం తట్టి. పొగిడాననే అనుకున్నాడు పాపం.

సరాండిస్ కప్పు బల్ల మీద పెట్టి లేచి, నడుచుకుంటూ ఊరు దాటి ఆ మలుపు దాకా వెళ్లాడు. కారు తీసేశారు. గాజు పెంకులు ఇంకా ఉన్నాయి. అతుకు మీద వేలు పెట్టి చూశాడు. పొలుసులు పొలుసుల్లానే ఉన్నాయి. వెంట్రుకవాసి చీలిక కూడా లేదు.

ఇంటికొచ్చి మంచం మీద కూలబడితే కల్లిరోయి పక్కన కూర్చుంది.

"నువ్వు బోర్డు పెట్టావు. ఆ పిల్లని నువ్వు చంపలేదు," అంది.

"ఊడిరావాల్సింది కల్లిరోయీ. అది ఊడిరావడానికే ఉండేది. ఊడకుండా చేసింది నేను."

"చేయమన్నది ఎవరు?"

"ఆయన నోటితో అన్నాడు. నేను చేత్తో చేశాను."

మర్నాడు థ్రాసోస్ దగ్గర పని మానేశాడు. ఇళ్ల గేట్లు, బాల్కనీ కమ్మీలు చేసుకుంటూ బతికాడు. ఆ తర్వాత అతని పనిని ఎవరైనా మెచ్చుకుంటే ముఖం తిప్పుకునేవాడు.

కేసు కోర్టుకి రావడానికి మూడేళ్లు పట్టింది. సరాండిస్ ఇంట్లో చెప్పకుండా వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాడు. మిర్సీని తల్లిని మొదటిసారి అక్కడే చూశాడు. ఆవిడ పేరు ఎవాంథియా, బడిలో వంటమనిషి. మొగుడు ఎప్పుడో పోయాడు, ఒక్కతే కూతురు. నల్ల చొక్కా మెడదాకా బొత్తాలు పెట్టుకుని, చేతిసంచీ ఒళ్లో నిటారుగా పట్టుకుని కూర్చుంది.

బోర్డు అద్దెకిచ్చేశాం, ఇక మాకు సంబంధం లేదు అన్నాడు థ్రాసోస్. మేం బొమ్మ మాత్రమే అతికించాం అన్నారు ప్రకటనవాళ్లు. ఆ రోడ్డు మా పరిధిలోకి రాదన్నాడు నగరపాలక అధికారి. మా పరిధిలోకీ రాదన్నాడు రోడ్ల శాఖ ఇంజినీరు. సాయంత్రానికల్లా అందరినీ వదిలేశారు.

అప్పుడు ఎవాంథియా లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"అయితే అది ఎవరు పెట్టారు? ఒక్కరు చెప్పండి. నేల్లోంచి మొలిచిందా?"

"కూర్చోండమ్మా," అన్నాడు న్యాయమూర్తి, మెత్తగానే.

ఆవిడ కూర్చోలేదు. వెనక్కి తిరిగి బెంచీల వైపు చూసింది, అక్కడెవరైనా చెబుతారేమో అన్నట్టు. సరాండిస్ ముందు బెంచీ పట్టుకుని సగం లేచాడు. మళ్లీ కూలబడ్డాడు. ఆవిడ చూపు అతని మీదుగా దాటిపోయింది. ఆ సగం లేవడం జీవితాంతం అతని ఒంట్లో ఉండిపోయింది.

మరి నాలుగేళ్లకి కొత్త మేయరు వచ్చాడు. పత్రికలు కూడా గట్టిగా రాయడంతో, అనుమతి లేని బోర్డులన్నీ పీకేయాలని తీర్మానం చేశారు. క్రేను కొన్నారు, వెల్డర్లు కావాలని ప్రకటించారు. యాభై ఆరేళ్ల సరాండిస్ దరఖాస్తు పెట్టుకున్నాడు.

"ఈ వయసులో గ్యాస్ బండ మోస్తావా?" అంది కల్లిరోయి.

"పెట్టిన చేత్తో తీస్తాను."

పని అనుకున్నంత తేలిగ్గా లేదు. ఇవాళ పీకిన బోర్డు వచ్చే ఆదివారానికి పదడుగుల అవతల మొలిచేది. నోటీసు అంటిస్తే దాని మీద కొత్త ప్రకటన అంటించేవాళ్లు. ఒక బేకరీ ఆయన తన బోర్డు కాలికి గొలుసుతో తనను తానే కట్టేసుకున్నాడు. "నా రొట్టె సంగతి జనానికెలా తెలుస్తుందయ్యా?" అని ఏడ్చాడు. బోర్డులు పీకే జట్టు నాయకుడు మాంథోస్ అతన్ని బతిమాలి, బతిమాలి, చివరికి అతని కొట్లోనే అందరికీ నువ్వుల రొట్టెలు కొనిపెట్టి విడిపించాడు. విమానాశ్రయం రోడ్డు బోర్డు మీద మాత్రం చెయ్యి వేయనివ్వలేదు. థ్రాసోస్ కోర్టు నుంచి స్టే తెచ్చుకున్నాడు. రెండేళ్లు ఆ మలుపు దాటినప్పుడల్లా సరాండిస్ లారీలో తల వంచుకునేవాడు.

స్టే ఎత్తేసిన రోజు మే నెల, మంచి ఎండ. లారీ ఆగేసరికి ఎవాంథియా అప్పటికే అక్కడుంది. ఎవరు చెప్పారో, కబురు అందింది. అదే నల్ల చొక్కా, అదే సంచీ. పోలీసు పక్కకి జరగమంటే జరిగింది గాని వెళ్లలేదు.

సరాండిస్ కళ్లద్దాలు దించుకుని కట్టర్ వెలిగించాడు. మిగతా బోర్డులు పావుగంటలో తెగేవి. ఇది అరగంటైనా తెగలేదు. మొదటి రేకు ఊడింది, రెండోది కదల్లేదు. చెమట కళ్లలోకి కారుతోంది. మాంథోస్ విసుక్కున్నాడు.

"ఎవడ్రా బాబూ దీన్ని అతికింది? ఓడని కట్టేయడానికా?"

కుర్రాళ్లు నవ్వారు. సరాండిస్ మంట ఆర్పాడు. కళ్లద్దాలు పైకెత్తాడు.

"నేనే," అన్నాడు.

"నువ్వేంటి?"

"నేనే అతికాను. చూడు, ఎడమచేతి అతుకు. ఊళ్లో ఇంకెవరిదీ ఇలా ఉండదు."

నవ్వులు ఆగిపోయాయి. ఎవాంథియా పోలీసుని దాటుకుని వచ్చింది. ఎదురుగా నిలబడి అతని ముఖంకేసి కాకుండా చేతులకేసి చూసింది.

"మీరా?"

"నేనేనమ్మా."

"కోర్టుకొచ్చారా?"

"వచ్చాను. వెనక బెంచీలో ఉన్నాను."

"నేనడిగాను. ఎవరు పెట్టారని."

"అడిగారు."

"వినబడిందా?"

"వినబడింది."

కార్లు వేగం తగ్గించి, చూసి, వెళుతున్నాయి.

"మీరు చెబితే తీర్పు మారేదని కాదు," అంది చివరికి. "నాకు తెలుసు, మారేది కాదు. కానీ ఆ రోజు ఇంటికెళ్లి దాని ఫోటో ముందు నిలబడి ఏం చెప్పానో తెలుసా? ఎవరూ చెయ్యలేదటే అమ్మా, నువ్వు ఊరికే చచ్చిపోయావటే, అన్నాను. ఆ ఒక్క మాట నా చేత అనిపించకుండా ఉండాల్సింది."

సరాండిస్ నోరు తెరిచాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"క్షమించమని అడక్కండి. నా దగ్గర లేదు. కోయండి."

కోశాడు. మిగిలిన రేకులు కోయడానికి మధ్యాహ్నం దాటింది. క్రేను బోర్డుని ఎత్తి లారీలో పడుకోబెట్టింది. ఎవాంథియా అంతసేపూ నిలబడే ఉంది. చివర్న, నేలకి సమంగా కోసిన చోటు దగ్గరకి వచ్చి వంగబోయింది.

"ముట్టుకోకండమ్మా, కాలుతుంది," అన్నాడు సరాండిస్.

ఆవిడ ఆగింది. "ఎంతసేపుంటుంది?"

"గంట. గంటన్నర."

"ఉంటాను," అంది. లారీ వెళ్లిపోయేటప్పుడు కూడా డివైడర్ మీద ఒక్కతే నిలబడి ఉంది.

ఆ వారమే సరాండిస్ ప్రాసిక్యూటరుకి ఒక వాంగ్మూలం రాశాడు. బడి నాలుగో తరగతితో ఆపినవాడు. రెండు పేజీలకి మూడు రోజులు పట్టింది. బోల్టులు ఎందుకు ఉండాలో, ఎవరు తీయమన్నారో, తను ఏం చేశాడో రాశాడు. కల్లిరోయి చదివి, కళ్లు తుడుచుకుని, "పంపు," అంది. దాని నకలు తీసుకుని ఎవాంథియా ఇంటికి వెళ్లాడు. ఆవిడ లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి రెండు పేజీలూ చదివింది.

"పేరు తప్పు రాశారు," అంది.

"ఏంటమ్మా?"

"నా కూతురి పేరు. రెండుచోట్ల తప్పు రాశారు."

లోపలికెళ్లి కలం తెచ్చింది. ఒక్కో అక్షరం ఆవిడ చెబుతుంటే, కాగితం గోడకి ఆనించి, ఎడమచేత్తో, బడిపిల్లాడిలా నెమ్మదిగా దిద్దాడు. ఎవాంథియా కాగితాలు తీసుకుంది, కలం తీసుకుంది, తలుపు వేసుకుంది. ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది లేదు.

ప్రాసిక్యూటరు ఆఫీసు నుంచి రెండు నెలలకి జవాబు వచ్చింది. గడువు దాటిపోయింది గనక కేసు తిరిగి తెరవడం కుదరదని, సహకారానికి ధన్యవాదాలని. ఆ ధన్యవాదాలు చదివి సరాండిస్ వంటింట్లో బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో అతను ఏడవడం కల్లిరోయి చూసింది అదే మొదటిసారి.

తర్వాత దేశానికి కష్టకాలం వచ్చింది. జీతాలు తెగ్గోశారు, క్రేను మూలపడింది, బోర్డులు పీకే జట్టుని రద్దు చేశారు. ఒకటొకటిగా బోర్డులు మళ్లీ లేచాయి. వాటి మీద అంటించడానికి కొత్త ప్రకటనలు కూడా లేవు. పాత బొమ్మలు ఎండకి వెలిసి, చిరిగి, గాలికి కొట్టుకునేవి. విమానాశ్రయం రోడ్డు మలుపు మాత్రం ఖాళీగానే ఉంది. అక్కడ గన్నేరు మొక్కలు నాటారు.

సరాండిస్‌కి మంట చూసి చూసి కళ్లు మసకబారాయి. శనివారం సంతలో కల్లిరోయి చెయ్యి పట్టుకుని నడుస్తాడు. ఒక్కోసారి కూరల బండి దగ్గర కల్లిరోయి చేతి పట్టు బిగుస్తుంది. ఎవరు ఎదురయ్యారో అతనికి అర్థమవుతుంది. టోపీ తీసి పట్టుకుని నిలబడతాడు.

"ఇటు చూసిందా?" అని అడుగుతాడు కాసేపటికి.

"లేదు," అంటుంది కల్లిరోయి. "వంకాయలు కొనుక్కుని వెళ్లిపోయింది. ఇక టోపీ పెట్టుకో, ఎండగా ఉంది."