సరిచూసే మనిషి

అనుమానం పెనుభూతం అంటారు. నాకు జీతమిచ్చేది ఆ భూతమే. నోయిడాలోని ఒక చిన్న కంపెనీలో, ఉపగ్రహాన్ని నడిపే మనుషులు ఎక్కడ పొరబడతారో ముందే అంచనా కట్టడం నా పని.

ఆ ఏడాది మా చేతికొచ్చింది గ్రేటర్ నోయిడా ఇంజినీరింగ్ విద్యార్థులు కట్టిన బుల్లి ఉపగ్రహం. ఒక్క ఆదేశం తప్పుగా వెళ్తే అది సూర్యుడికి పెడమొహం పెడుతుంది, బ్యాటరీ అయిపోతుంది, ఇక పలకదు. అందుకే ఒకరు తెరమీది ఆదేశాన్ని పైకి చదవాలి, ఇంకొకరు అసలు ఆదేశాలున్న తమ కాగితంతో సరిచూసి ఒప్పుకోవాలి. "ఇద్దరు చూస్తున్నారుగా, ఇంకా రిస్క్ ఎక్కడ?" అన్నాడు మా బాస్. ఇద్దరూ చూస్తున్నారని ఆయనకెవరు చెప్పారో!

చదివేది వాయుసేనలో రిటైరైన పెద్దాయన, తెలుగాయనే. సరిచూసేది గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయి. ఆయన్ని అంకుల్ అంటుంది, ఆయన ఇంటినుంచి తెచ్చే పప్పుచారు తింటుంది. నాకు మొదట అనుమానం వచ్చింది ఆ పప్పుచారు మీదే.

ప్రయోగానికి ముందు, కంప్యూటర్లోని నకలు ఉపగ్రహంతో రిహార్సల్. తెరమీది ఆదేశంలో ఒక అంకె మార్చిపెట్టాను. ఆయన చదివాడు. అమ్మాయి పెన్ను కాగితం మీద ఆగింది. ఆయన ముఖంలోకి చూసి, "కన్ఫర్మ్ అంకుల్" అంది.

తర్వాత విడిగా పిలిచి అడిగాను.

"కనపడిందండీ. అంత సర్వీసున్న ఆయన్ని పట్టుకుని తప్పని ఎట్టా అంటాం మేడమ్? నా కాగితమే పాతదేమో అనుకున్నా."

నాకు ఒళ్లు మండింది. వరస మార్పించాను. ఇకపై అమ్మాయి చదవాలి, పెద్దాయన సరిచూడాలి. చిన్నవాళ్ల తప్పు పట్టడానికి పెద్దవాళ్లకు మొహమాటం ఉండదు కదా.

మర్నాటి రిహార్సల్ చూడటానికి విద్యార్థులు కూడా వచ్చి గాజుగోడ అవతల నిలబడ్డారు. ఎవరికీ చెప్పకుండా ఇంకో అంకె మార్చాను. తెరమీద ఉన్నది ఉన్నట్టు అమ్మాయి గట్టిగా చదివింది. పెద్దాయన కాగితం బల్లమీద బోర్లించే ఉంది.

"ఠీక్ హై తల్లీ, కన్ఫర్మ్."

అమ్మాయి సెండ్ నొక్కింది.

"కాగితం చూడలేదేంటండీ?" అన్నాను.

"మా పిల్ల చదివాక ఇంకా చూసేదేముందమ్మా!"

అమ్మాయి ముఖం వెలిగిపోయింది. గాజుగోడ అవతల పిల్లలు, కంప్యూటర్లోని తమ నకలు ఉపగ్రహం చచ్చిపోయిందని తెలియక, చప్పట్లు కొట్టారు.