బొటనవేలి సంగతి రాయని కాగితం

ఈ సంగతిని ఇదివరకు పదకొండు అర్జీలలో రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందింది అన్న ముక్క కూడా లేదు. మొదటి మూడింటినీ స్వయంగా తీసుకుపోయి చేతికిచ్చాను. అప్పుడు రాజధాని కర్నూలులోనే ఉండేది, ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. గుడారంలో కూర్చున్న గుమాస్తా నా కాగితం తీసుకొని, చదవకుండానే, గాలికి ఎగిరిపోకుండా దానిమీద ఒక రాయి పెట్టాడు. ఆ రాయి నాకు ఇప్పటికీ గుర్తే. తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది. ఫైళ్ళను లారీలకెత్తుతుంటే రోడ్డు పక్కన ఎండలో నిలబడి చూశాను. నా కాగితం ఏ లారీ ఎక్కిందో, అసలు ఎక్కిందో లేదో చెప్పేవాడు లేడు. అర్జీ అంటే చదవరు కాబట్టి, జరిగింది జరిగినట్టు ఇలా రాస్తున్నాను. నలుగురూ చదవనీ.

నేను కోడుమూరు దగ్గర ఒక పల్లెలో బోర్డు స్కూలు అయ్యవారిని. పద్నాలుగేళ్ళు అక్కడే చెప్పాను. ఆ చివరి ఐదారేళ్ళూ నాకు పగటిపూట నిద్ర వచ్చేది. వచ్చేది అంటే చాలదు, మీద పడేది. లెక్క సగం చేసి, సుద్దముక్క బోర్డుకు ఆనించి నిలబడే నిద్రపోయేవాణ్ణి. మిరియాలు నమిలాను. చన్నీళ్ళలో తువ్వాలు ముంచి మెడకు చుట్టుకున్నాను. తెల్లవారి లేస్తే తల బండలాగా ఉండేది, రాత్రంతా ఎనిమిది గంటలు పడుకొని కూడా. ఊళ్ళో నాకు ‘నిద్రయ్యోరు’ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టిన మనిషెవరో నాకు తెలుసు. అతని ముగ్గురు పిల్లలకూ ఎక్కాలు నేర్పింది నేనే.

రాత్రి గురక సంగతి వేరే చెప్పాలి. ఎండాకాలం అందరం మిద్దెల మీద పడుకుంటాం కదా. పక్క మిద్దెవాళ్ళు నా మూలంగా మంచాలు దించుకొని కిందికి పోయారు. అయితే గురకతో ఎవరికీ ప్రాణం పోదు. నా భార్యను భయపెట్టింది గురక కాదు, అది ఆగడం.

“గురక పెడ్తా పెడ్తా టక్కున ఆగిపోతాది,” అని ఆమె మొదటిసారి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. “రొమ్ము ఎగుర్తానే ఉంటాది, గాలి మాత్రం ఆడదు. నేను లెక్కబెట్టుకుంటా ఉంటా. పది, పదిహేను. ఆపైన నాకు ధైర్యం సాలదు.”

ధైర్యం చాలనప్పుడు ఆమె ఏమి చేసేదో ఇక్కడే చెప్పాలి, తర్వాతిదంతా దాని మీదే నిలబడి ఉంది. మా వైపు రాత్రిపూట నిద్రలో ఉన్నవాణ్ణి పేరు పెట్టి పిలవరు. ఆ పిలుపును ఇంకేదో అందుకుంటుందని భయం. భార్యకైతే మొగుడి పేరు పగలైనా నోటికి రాదు. అందుకని నిద్రలో ఎవరికైనా ఊపిరి పట్టేస్తే, మాట లేకుండా, కాలి బొటనవేలు పట్టుకొని గట్టిగా నొక్కుతారు. మా అమ్మ మా నాయనకు నొక్కేది. నా భార్య నా కాళ్ళ వైపు తలపెట్టుకొని, నా బొటనవేలు మీద చెయ్యి వేసి పడుకునేది. గురక ఆగితే నొక్కేది. నేను ఒక్క గుటక గాలి మింగి పక్కకు తిరిగేవాణ్ణి. నాకు తెలివి కూడా వచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. నేను కుర్చీలో నిద్రపోతున్నాను. పిల్లలు నా మీది గౌరవంతో సడి చేయకుండా కూర్చున్నారు. ఆ గౌరవమే నా కొంప ముంచింది. ఆయన నన్ను లేపలేదు. ముందు బల్ల మీద కూర్చొని, గడియారం తీసి చేతిలో పెట్టుకొని, ఇరవై నిమిషాలు నన్నే చూశాడట. ఆ తర్వాత బెత్తంతో మేజా మీద కొట్టాడు.

“ఏమప్పా అయ్యోరూ, కల యాడిదాకా వచ్చినాది?”

పిల్లలు నవ్వారు. పద్నాలుగేళ్ళలో నా క్లాసులో పిల్లలు నన్ను చూసి నవ్వడం అదే మొదలు.

“ఇది జబ్బు సార్,” అన్నాను.

“జబ్బయితే డాక్టరు కాగితం పట్టుకరా. నెల గడువిస్తాండా. కాగితం లేదంటే సోమరితనమే. ఈ రెంటికీ నడుమ ఇంకోటి లేదు.”

అంటే నా ఉద్యోగం ఒక్క కాగితం మీద నిలబడింది. ఆ కాగితం కోసమే కర్నూలు పోయాను. ఆసుపత్రి పేరు రాయను. అక్కడి డాక్టరు మద్రాసులో చదివి వచ్చిన కుర్ర డాక్టరు. నేను చెప్పింది సగం విని నవ్వాడు.

“నిద్రలో ఊపిరి ఆగుతుందా? ఆగితే నువ్వు ఇక్కడికెలా వచ్చావయ్యా?”

పక్కనున్న కాంపౌండరు కూడా నవ్వాడు. డాక్టరు నవ్వితే నవ్వడం అతని ఉద్యోగంలో భాగం కాబోలు. ఆ నవ్వు తర్వాత డాక్టరు ఒక మంచిమాట అన్నాడు, అది కాదనను. “ఒక రాత్రి వార్డులో పడుకో. నర్సు కనిపెట్టి ఉండి గంట గంటకూ రాస్తుంది. ఆగితే ఆగిందని, ఆగకపోతే లేదని. పొద్దున కాగితం ఇస్తాను.”

నేను అడిగాను. అడగలేదని రేపు ఎవరూ అనకూడదు. “రాత్రి ఏమేమి చేస్తారు సార్? నేనేమి చేయాలి? నాతో వచ్చిన మనిషి ఏమి చేయాలి?”

“నిద్రపో. అది నీకు బాగా వచ్చుగా.”

వాళ్ళు నాకు చెప్పింది అంతే. అందుకే, ఇది చదివేవాళ్ళలో ఎవరినైనా నిద్ర చూస్తామని ఒక రాత్రి ఉండమంటే, నాకెవరూ చెప్పనిది నేను చెబుతున్నాను. మందు ఉండదు, సూది ఉండదు. చూడటమే వైద్యం. కొత్త చోటు, ఫినాయిలు వాసన, తల దగ్గర దీపం, నిద్ర పట్టదేమో అని బెంగ పడతారు. పడుతుంది. నా జబ్బు ఉన్నవాడికైతే తల వాలిస్తే చాలు. ఆ పగలు కునుకు తీయవద్దు, కాఫీ తాగవద్దు. ఇంట్లో ఎట్లా పడుకుంటారో అట్లాగే పడుకోండి. మీ ఊపిరిని దాని ఇష్టానికి ఆగనివ్వాలి, సాగనివ్వాలి. మీ వెంట వచ్చిన మనిషికి చెప్పండి: ఏమి జరిగినా, గుండె ఎంత కొట్టుకున్నా, ముట్టుకోవద్దని. ఈ ఒక్క మాట నాకు ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే నేను ఇవాళ ఈ రాతలు రాసేవాణ్ణి కాదు.

సాయంత్రం ఇద్దరం పోయాం. జొన్నరొట్టెల మూట, నీళ్ళ చెంబు. వార్డులో నా పక్క మంచం మీద ఒక ముసలాయన, జట్కా తోలేవాడు. తన గుర్రమే తన్ని కాలు విరగ్గొట్టింది.

“అయ్యోర్ సాబ్, మందు లేదు, కట్టు లేదు, నిద్రపోనీకె ఆస్పత్రికి వచ్చినావా?” అన్నాడు. “నసీబంటే నీదే. నా గుర్రాన్ని గూడా ఈడికే తోలకరమ్మంటావా?”

మగవాళ్ళ వార్డులో ఆడమనిషి ఉండకూడదని నర్సు మొదట అడ్డు చెప్పింది. మళ్ళీ ఆమే, “నీళ్ళిచ్చేకి ఎవరో ఒకరు ఉండాల గదా. సరేలేమ్మా, కింద కూచో. సడి చేయొద్దు,” అన్నది. సడి చేయొద్దు అన్నది. ముట్టుకోవద్దు అనలేదు. నా భార్య నా మంచం కాళ్ళ వైపు, నేల మీద కూర్చుంది.

ఆ రాత్రి సంగతులు నాకు తెలియవు. నిద్రపోయాను కదా. తెల్లవారి డాక్టరు వచ్చి నర్సు రాసిన కాగితం చదివాడు. గంటగంటకూ ఒకటే మాట: నిద్రలో ఉన్నాడు, గురక ఉంది, శ్వాస సక్రమం. కింద తను ఇంకో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టాడు. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు. రోగమేమీ లేదు, హాయిగా నిద్రపోయాడు అని ఉంది.

బయటి మెట్ల మీదికి వచ్చాం. నేను ఆ రెండు ముక్కలనే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను. నా భార్య ముఖం మాత్రం వెలుగుతోంది. రాత్రంతా మేలుకున్న కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఒక్కసారన్నా ఊపిరి పోనిచ్చినానా?” అన్నది. “ఇంట్లో మాదిరి పది లెక్కబెట్టలేదు. మూడు అనేలోపలే నొక్కినా. పరాయి చోటు, నీకేమన్నా అయితే ఎవరు దిక్కు?”

అప్పుడు అర్థమైంది. చేతిలో కాగితం పట్టుకొని లోపలికి పరుగెత్తాను. నర్సు ఇంటికి పోవడానికి చెప్పులు వేసుకుంటోంది.

“నా భార్య నా కాలు పట్టుకునింది మీరు చూడలేదా?” అని అడిగాను.

“ఎందుకు చూడలా? సూసినా,” అన్నది. “మొగునికి కాళ్ళు పిసుకుతాండాదిలే అనుకుంటి. పెండ్లాం మొగుని కాళ్ళు పట్టేది గూడా కాగితంలో రాయాల్నా అయ్యోరూ?”

ఆమె అబద్ధం చెప్పలేదు. మా సీమలో ఏ ఇంట్లో చూసినా అదే కనిపిస్తుంది. కానీ కనిపించింది రాయమని కదా ఆమెను కూర్చోబెట్టింది! రాయాల్సిందా కాదా అని తేల్చమని కాదు.

డాక్టరు అప్పటికి వార్డు ఆ చివరికి పోయాడు. వెంటబడి చెప్పాను. జట్కా ముసలాయన మంచం మీద లేచి కూర్చొని నా వైపు సాక్ష్యం పలికాడు. “నిజం దొరా, కసమ్. గురక ఆగేది, ఆ తల్లి నొక్కేది, ఈయన బుస్సుమని గాలి పీల్చేది. రాత్రంతా ఇదే తమాషా. నాకు నిద్ర హరాం అయ్యింది.”

“ఆయన కూడా సంతకం పెడతాడా?” అన్నాడు డాక్టరు. కాంపౌండరు మళ్ళీ నవ్వాడు.

“ఇంకొక్క రాత్రి ఉంచండి సార్. ఆమె లేకుండా.”

“మంచం లేదు. నిద్రపోయేవాళ్ళకు మంచాలిస్తే రోగులు ఎక్కడ పడుకోవాలి? రాసింది రాశాను, పో.”

ఆ కాగితం చించేయవచ్చు కదా అని కొందరు అడిగారు. నేను అయ్యవారిని. ఉన్న కాగితాన్ని లేదని చెప్పలేను. తీసుకుపోయి ఇన్‌స్పెక్టరుకే ఇచ్చాను, జరిగింది నోటితో చెప్పాను. ఆయన నోటిమాట వినలేదు, కాగితం చదివాడు. “హాయిగా నిద్రపోయినావంట గదా,” అన్నాడు. ఆ నెలాఖరుకు నా కుర్చీలో ఇంకొకడు కూర్చున్నాడు.

ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన రోజు బస్సులో నా భార్యతో నేనన్న మాట కూడా రాయాలి. ఇతరుల మాటలన్నీ రాసి నాది దాస్తే న్యాయం కాదు. “నా నోటికాడి కూడు నీ చేత్తోనే తీసేసినావు,” అన్నాను. కోడుమూరు దాకా ఆమె ఒళ్ళో పెట్టుకున్న కుడిచేతిని చూసుకుంటూ కూర్చుంది. ఆ రాత్రి నన్ను ముట్టుకోవద్దని చెప్పాను. ఆమె పరుపు తీసుకుపోయి గోడవార వేసుకుంది. తెల్లవారుజామున నేను ఎగశ్వాసతో లేచేసరికి, నా బొటనవేలు ఆమె చేతిలో ఉంది.

“కొట్టుకో, తిట్టుకో,” అన్నది. “నేను ఇడ్సను.”

ఆమె మీద నాకు కోపం పోయిందని రాస్తే అబద్ధం. కానీ ఆ కోపం ఆమెకు చెందినది కాదని తెలుసు. ముట్టుకోవద్దని చెప్పడానికి ఒక్క నోరు చాలు. ఆ వార్డులో ఆ రోజు నా లెక్కకు నాలుగు నోళ్ళున్నాయి, నన్ను ఎగతాళి చేయడానికి అన్నీ తెరుచుకున్నాయి.

ఇప్పుడు పత్తికొండలో తాలూకా ఆఫీసు ముందు కూర్చొని ఊళ్ళవాళ్ళకు అర్జీలు రాసిపెడుతున్నాను. మధ్యలో నిద్ర మీద పడితే వాళ్ళు ఓపిగ్గా కూర్చుంటారు, లేపరు. వాళ్ళ అర్జీలకు జవాబులు వస్తాయి. తెచ్చి నాకే చూపించి చదివించుకుంటారు. నా చేతిరాత అదే, నా సిరా అదే.

నేను అడిగేది ఉద్యోగం కాదు, ఆ వయసు దాటుతోంది. ఆ కాగితంలో ఒక వాక్యం చేర్చమంటున్నాను: రోగి భార్య రాత్రంతా అతని బొటనవేలు నొక్కుతూ ఉన్నది అని. అది చేర్చడం ఇష్టం లేకపోతే ఇంకొక్క రాత్రి నన్ను పడుకోబెట్టి చూడండి. నేను సిద్ధమే. ఆమెను బయట మెట్ల మీద కూర్చోమని చెబితే ఆమె మాత్రం ఒప్పుకోవడం లేదు. “ఆగితే నర్సమ్మ నొక్కుతాదా, రాసుకుంటా కూచుంటాదా?” అని అడుగుతోంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆ డాక్టరు, ఆ నర్సు, ఇరవై నిమిషాలు గడియారం పట్టుకొని నన్ను చూసిన ఆ ఇన్‌స్పెక్టరు, నా కాగితం మీద రాయి పెట్టిన ఆ గుమాస్తా. ఎవరో ఒకరు చెప్పండి. నాకు కాకపోతే ఆమెకు చెప్పండి. పన్నెండోసారి అడుగుతున్నాను.