బుగ్గచేతుల రైకకు మా అత్త పెట్టిన పేర్లు

హైదరాబాద్ రాష్ట్రం ఇంకా హైదరాబాద్ రాష్ట్రంగానే ఉన్న రోజుల్లో కరీంనగర్ నుంచి ఖానాపూర్‌కు కోడలినై వచ్చాను. పెళ్లికి మా బాపు కుట్టించిన రైకల్లో ఒకటి బుగ్గచేతులది. భుజం దగ్గర కుచ్చులు పోసి, మోచేతికి పైన పట్టీ వేసి, మధ్యలో బూరెలా ఉబ్బి ఉండేది. కరీంనగర్‌లో నా ఈడు పిల్లలందరూ అవే తొడిగేవాళ్లు కనుక అందులో వింతేమైనా ఉందని నాకు తోచలేదు.

అత్తగారింట్లో మూడో రోజు పొద్దున దాన్ని తొడుక్కొని వాకిట్లోకి వచ్చాను. అత్త బియ్యం చెరుగుతోంది. చుట్టూ ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు కూర్చున్నారు. అత్త చేట ఆపి నా భుజాల వంక చూసింది.

"చేతులకేమైంది బిడ్డా? వాచినయా?"

నలుగురూ పగలబడి నవ్వారు.

"గిట్లనే కుడ్తరు అత్తా" అన్నాను.

"ఎందుకట?"

ఎందుకో నాకూ తెలియదు. అత్త "ఏషాలు" అని తేల్చేసి మళ్లీ చేట అందుకుంది. రైక పెట్టె అడుక్కి పోయింది.

సంగతి విని మా ఆయన ఓదారుస్తాడనుకుంటే, ఆయనా నవ్వాడు. "మా అవ్వ ఏషాలు అన్నదని ఫికర్ చెయ్యకు. కొత్తది ఏదొచ్చినా ముందు గదే మాట. కొన్ని దినాలకు నఖరాలు అంటది. తర్వాత షోకు. ఇంకో ఏడు పోతే ఫైషన్. ఆఖరుకు రివాజు. చాయ్ సంగతి నీకు తెల్వదా?"

మామ నిర్మల్ సంతలో చాయ్ రుచి మరిగి వచ్చి, ఇంట్లో పెట్టమన్నప్పుడు అత్త "ముసలోనికి ఏషాలు" అన్నదట. నేను కాపురానికి వచ్చేనాటికి చాయ్ వద్దన్న చుట్టం మీద ఆమెకు కోపం వచ్చేది. "చాయ్ తాగకుంట పోతరా? గదేం రివాజు?" అనేది.

అప్పటి నుంచి అత్త మాటలకు చెవి ఒగ్గడం మొదలుపెట్టాను. మా ఆయన చెప్పినంత తిన్నగా లేదు వ్యవహారం. నఖరాలు ఎప్పుడూ పక్కింటి పిల్లలకే ఉండేవి. అదే పని సొంత బిడ్డ చేస్తే షోకు. ఆ మాట అనేటప్పుడు గొంతులో కోపం ఉండదు, కాస్త ముచ్చట కూడా ఉంటుంది. ఇక కొడుకు చేతి గడియారమైతే ఒక్కరోజు కూడా ఏషం కాలేదు. తెచ్చిన నాడే షోకు అయి కూర్చుంది. ఈ సంగతి మా ఆయనతో అంటే, ఆ గడియారానికే కీ ఇచ్చుకుంటూ బయటికి పోయాడు.

బజారు వెనక గల్లీలో కుట్టుమిషన్ పెట్టుకున్న బీబమ్మ ఒకామె ఉండేది. ఊళ్లో ఆడవాళ్ల బట్టలన్నీ ఆమే కుట్టేది. ఒకసారి నా కొలతకని పెట్టె అడుగు రైకనే పట్టుకుపోయాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"జర నాకియ్యి బేటా. నాలుగు దినాలల్ల వాపస్ ఇస్త."

వాపసు ఇచ్చింది. కానీ ఆ చేతులు ఊరంతా తిరిగాయి. ముందు దుకాణదారు బిడ్డలు తొడిగారు. "నఖరాలు" అన్నది అత్త. బతుకమ్మ నాటికి సగం మంది ఆడపిల్లల భుజాలు ఉబ్బి ఉన్నాయి. మా ఆడబిడ్డ తనకూ కావాలని ముఖం మాడ్చుకుంటే "షోకు పడ్తుంది పిల్ల, పోనియ్యి" అని అత్తే కుట్టించింది. మరుసటేడు పల్లె నుంచి వచ్చిన తన చెల్లెలికి తానే చెప్పింది: "గిది ఫైషన్. నీకు తెల్వది."

అంతలో ఆడబిడ్డకు జమ్మికుంట నుంచి సంబంధం వచ్చింది. పత్తి వ్యాపారం చేసేవాళ్లు, పిల్లను చూడటానికి వస్తామన్నారు. అత్త నన్ను వెంటబెట్టుకొని బీబమ్మ దగ్గరికి పోయింది.

"బుగ్గలు మంచిగ ఉబ్బాలె బీబమ్మా. గిప్పుడు రివాజు గదా."

నాకు దగ్గు వచ్చింది. అత్త వెనక్కి తిరిగి "ఏందే?" అన్నది.

"ఏం లేదత్తా."

చూపుల రోజు కోసం నేనూ పెట్టె అడుగు నుంచి నా రైక తీశాను. చంకల దగ్గర కొంచెం బిగుతైంది.

జమ్మికుంట ఆడవాళ్లు వచ్చారు. నలుగురివీ మోచేతి దాకా సాఫుగా దిగిన చేతులే, చివర సన్నని అంచు. పిల్లగాని మేనత్త మా ఆడబిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని, ఆ బుగ్గను ఒక వేలితో నొక్కి చూసింది.

"మా దిక్కు గిసొంటివి ఎవలు తొడుగుతలేరు. బంద్ అయినయ్."

ఆడబిడ్డ తల వంచుకుంది. నేను రెండు భుజాల మీదికీ కొంగు లాక్కున్నాను. అత్త ఏమంటుందా అని ఆమె వంక చూశాను. పాతబడిన కొత్తదనానికి ఆమె దగ్గర మాట ఉందో లేదో నాకు తెలియదు.

అత్త తొందరపడలేదు. సకినాల పళ్లెం వాళ్ల ముందుకు జరిపింది.

"మీ దిక్కు బందయినయేమో. మా ఇంట్ల రివాజే. మా కోడలు కరీంనగర్ నుంచి తెచ్చింది. మొదలు నేనే నవ్విన. నవ్వినోళ్లందరు తర్వాత కుట్టిచ్చుకున్నరు. తినుండ్రి."

మేనత్త సకినం తుంచుకుంది. సంబంధం కుదిరింది. "కోడల్ని ఎనకేసుకొచ్చే ఇంటి పిల్లయితే మనకు మంచిదే" అని మేనత్త దారిలో అన్నదని తర్వాత తెలిసింది.

వాళ్లటు పోగానే అత్త నా మీద పడింది. "కొంగు ఎందుకు కప్పుకున్నవే? దొంగతనం చేసినవా?"

నేను నవ్వాను. కళ్లలో తిరిగిన నీళ్లు ఆమెకు కనబడకుండా పొయ్యి దగ్గరికి పోయాను.

పెళ్లికి బీబమ్మ అందరికీ సాఫు చేతులే కుట్టింది. అత్త మాత్రం ఎప్పటి పొట్టి చేతుల రైకే చాలన్నది. "నీకు సుత కుట్టియ్యాల్నా అత్తా?" అని అడిగితే, "నాకెందుకే" అన్నది. నేను గుమ్మం దాటుతుంటే పిలిచింది.

"చేతులకు జర అంచు పెట్టుమను. సన్నగ. ఎర్రది వద్దు."

ఆకుపచ్చ అంచు పెట్టించాను. పెళ్లి పందిట్లో బీబమ్మ అది చూసి "మస్తున్నది" అన్నది. అత్త ఏమీ ఎరగనట్టు కొంగు కొంచెం వెనక్కి జరుపుకుంది.