మూడో పిలుపు

నా స్నేహితుడిది మామూలు నిద్ర కాదు. మా తెలుగువాళ్ళ పేట భాలుబాసాలో వాడు గురక పెడితే టాటానగర్ స్టేషన్లో ఇంజన్లు పక్కకి తప్పుకుని దారి ఇచ్చేవి. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆ అదురుకి ఏ ఏడాది వేసిన సున్నం ఆ ఏడాదే రాలిపోయేది. మా అమ్మ మాత్రం గోడకి చెమ్మ పట్టిందనేది. ఆవిడకి కల్పనాశక్తి తక్కువ.

బళ్ళో చదివే రోజుల నుంచి, వాడు కంపెనీలో చేరి తెల్లవారుజాము షిఫ్టుకి వెళ్ళే రోజులదాకా, వాణ్ణి లేపడం నా పని. కన్నవాళ్ళు లేపితే లేచేవాడు కాదు. వాళ్ళమ్మ గరిటెతో గోడ మీద కొట్టేది. నేను వెళ్ళి వాడి చెవిలో నోరు పెట్టి పిలిచేవాణ్ణి. మొదటి పిలుపుకి గురక ఆగేది. రెండో పిలుపుకి, "ఆగు బే, లెగుత్తన్నాను" అనేవాడు. అంతకన్నా పెద్ద అబద్ధం బీహారంతటా ఎవరూ ఆడి ఉండరు. మూడో పిలుపుకి దిగ్గున లేచి కూర్చుని నన్నే తిట్టేవాడు. "ఏటిరా, మనిసిని పడుకోనివ్వవా?"

వాళ్ళమ్మ నవ్వేది. "ఆడి మొగుడొచ్చాడు. ఇంక లెగక చత్తాడేటి?"

ఎనభయ్యో దశకంలో, ఇంకా పెళ్ళయినా కాకుండా, కామెర్లొచ్చి పోయాడు. మంచాన ఉన్నన్నాళ్ళూ, ఊళ్ళో కద్మా నుంచి సాక్చీ దాకా ఉన్న చెరకంతా పిండించి తాగించాను. ఇందులో నేను పెంచి చెప్పింది తక్కువే.

సువర్ణరేఖ ఒడ్డుకి వెళ్ళే దారిలో పాడె దింపారు. దారి మధ్యలో ఎందుకు దింపారని వాడితో పనిచేసిన బీహారీ అతను కంగారుపడ్డాడు. "అరే, రాస్తే మే కాహే రఖ్ దియా?"

దీన్ని దింపుడు కళ్ళమంటారనీ, అయినవాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారనీ, ప్రాణం ఏ మూలో మిగిలుంటే లేస్తాడనీ నాకొచ్చిన హిందీలో చెప్పాను.

"తో బులావో భయ్యా! జల్దీ బులావో!" అని తొందరపెట్టాడు, నిజంగానే ఆశపడి.

పిలవాల్సింది వాళ్ళ నాన్న. ఆయన వంగబోయి, ఆగి, నా వైపు చూశాడు.

"నాను పిలిత్తే ఆడెప్పుడు లెగిసేడ్రా? నువ్వు పిలు."

మోకాళ్ళ మీద కూర్చుని వాడి చెవిలో పిలిచాను. పసుపు వాసన. ఇంకోసారి పిలిచాను. అక్కడ ఆగిపోయాను.

"మూడోది కూడా పిలవరా."

"ఉండు బాబాయ్."

మొదటి రెండింటికీ వాడెప్పుడు లేచాడు గనక? లేవకపోవడం ఇంతవరకూ మామూలే. మూడోది నా నోట్లో ఉన్నంతసేపూ వాడింకా పూర్తిగా పోనట్టే. గోరంత సంగతిని కొండంత చెయ్యడం తప్ప మరో విద్య రానివాణ్ణి. ఆ కాసేపటిని మాత్రం సాగదీయలేకపోయాను. వెనక లారీవాడు హారన్ కొడుతున్నాడు.

పిలిచాను.

బీహారీ అతను వంగి వాడి మొహంలోకి చూస్తున్నాడు. మళ్ళీ పిలిచాను. అది ఆచారంలో లేదు. మళ్ళీ పిలిచాను, గొంతు చీరుకుపోయేలా. వాళ్ళ నాన్న నా వీపు మీద చెయ్యేశాడు.

"చాల్రా నాన్నా. అలిసిపోనాడు."

పాడె లేచింది. నేనింకా వంగే ఉన్నాను. వాడి చెవి ఉన్నచోట కంకర రోడ్డుంది.