మంచి నీళ్లు – తాగరాదు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసు, చేతిలో ఎమ్మెస్సీ పట్టా, దివిసీమ నుంచి వచ్చి కొండపల్లి దారిలో ఒక ల్యాబులో ఆరు నెలల కాంట్రాక్టు ఉద్యోగం. ఇంకేం కావాలి? (పర్మనెంటు కావాలి. దాని కోసమే నా ప్రాణం కొట్టుకునేది.) అక్కడి యంత్రం రెప్పపాటులో పదిలక్షలవ వంతు సేపు మూడు లక్షల వోల్టులు పుట్టించి, ఎలక్ట్రాన్లను ఒక్క గుంపుగా తరిమేది. దానికి మామూలు మీటరు పెడితే మీటరూ మిగలదు, పెట్టినవాళ్లూ మిగలరు. అందుకని పొడవాటి గొట్టంలో మైలుతుత్తం కలిపిన నీళ్లు నింపి, వోల్టేజీ భారమంతా ఆ నీళ్ల మీద వేసి, చివర్లో మిగిలిన పిసరును కొలిచి లెక్కగట్టేవాళ్లం. నీళ్లలో తేడా వస్తే లెక్క గల్లంతే.

మా పెద్దసారుకు తెలుగు పిచ్చి. "అమ్మాయీ, కొత్త ద్రావణం మంచి నీళ్లతో కలుపు" అని చెప్పి వెళ్లారు. మైలుతుత్తం కోసం వన్ టౌన్ వెళితే, తోటల తెగుళ్లకు ఆ మందు అమ్మే కొట్టాయన "ఎన్ని ఎకరాలమ్మా తోట?" అన్నాడు. "తోట కాదండీ, మూడు లక్షల వోల్టులు" అన్నాను. ఆయన గబగబా పొట్లం కట్టేశాడు. ఇక నీళ్లు. మా ఊళ్లో బోరు వేస్తే ఉప్పునీళ్లే, తాగడానికి పనికొస్తే మంచినీళ్లు. క్యాంటీన్లో తాగే నీళ్ల క్యాను ఎత్తుకొచ్చి బుద్ధిగా కలిపి పోశాను.

యంత్రం పేల్చాం (మీట నొక్కి నడపడాన్ని అలాగే అనేవాళ్లం). నాలుగున్నర లక్షలు! సారు గంతేసినంత పని చేశారు. "నీ చేతి చలవమ్మా! రేపు మన ల్యాబు చూడ్డానికొచ్చే కమిటీ పెద్దాయనకు చూపిద్దాం. నీ పర్మనెంటు ఖాయమనుకో!"

మర్నాడు పొద్దున స్టోరుగదిలో ఒక క్యాను కనబడింది. దాని మీద సారు చేతిరాత: "మంచి నీళ్లు. గొట్టానికి మాత్రమే. తాగరాదు." ఓరి దేవుడో, సారు తెలుగులో మంచి నీళ్లంటే డిస్టిల్డ్ వాటరు! నేను పోసిన నీళ్లలోని ఉప్పులు కరెంటును ఎక్కువ పోనిచ్చి కొలతను ఉబ్బించాయన్నమాట. చెబితే ఉద్యోగం గోవిందా. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. కాళ్లు వణికాయి.

ల్యాబులో అప్పటికే సారు పెద్దాయన చేతిలో బందరు లడ్డూ పెట్టి "నాలుగున్నర లక్షలండీ!" అంటున్నారు.

"సార్, అవి మంచినీళ్లండీ!" అని అరిచేశాను.

"మంచి నీళ్లే కదమ్మా పొయ్యమన్నాను?"

"ఆ మంచి నీళ్లు కాదు సార్. తాగే మంచినీళ్లు."

సారు మొహంలో నెత్తురుచుక్క లేదు. పెద్దాయన మాత్రం లడ్డూ గొంతుకు అడ్డం పడేలా నవ్వి, దగ్గుతూ చెయ్యి చాపారు. "మంచినీళ్లమ్మా... తాగేవే ఇవ్వు తల్లీ!"

నీళ్లు మార్చి పేలిస్తే మూడు లక్షలకు కాస్త తక్కువే వచ్చింది. సారు రెండు రోజులు నన్ను చూస్తే మొహం తిప్పుకున్నారు. మూడో రోజు పర్మనెంటు కాగితం ఇచ్చి "ఆ పెద్దాయన, ఈ పిల్ల చెప్పే అంకె నమ్మొచ్చన్నాడు" అని గొణిగారు.

ఇప్పుడు కమిటీల్లో నేనూ కూర్చుంటున్నాను. పెద్ద అంకె చూస్తే నాకూ నోరూరుతుంది, ఒప్పుకుంటాను. కుర్రవాళ్లెవరైనా అడ్డొస్తే చిరాకు కూడానూ. అప్పుడు ఆ దివిసీమ పొగరుబోతు పిల్ల గుర్తొస్తుంది. కాళ్లు వణుకుతూనే అంత గట్టిగా ఎలా అరవగలిగిందో గాని, దాన్ని చూస్తే నాకిప్పటికీ అసూయే.